బరువెక్కితేనే వచ్చే చప్పుడు

టైర్లు మార్చిన మర్నాడే కోమలికి ఆ చప్పుడు వినిపించింది. వడమాలపేట దాటి రేణిగుంట రోడ్డెక్కాక మొదటి స్పీడ్ బ్రేకర్ మీద బండి దిగీ దిగడంతోనే వెనక ఎడమ వైపు గర్రుమని గీకింది. ఒక్క క్షణమే. మధ్య సీట్లో వెనక గిన్నెల మూతలు పట్టుకొని కూర్చున్న దేవకమ్మ ముందుకు వంగింది.

"ఏందో రాసుకున్నట్టుండాది గదా కోమలీ?"

"నాకూ వినిపించిందక్కా."

కోమలిది వంట పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో తెల్లారి నాలుక్కి పొయ్యి వెలిగిస్తే, పదకొండున్నరకు నూటపది మందికి అన్నం, సాంబారు, ఒక కూర, రసం, మజ్జిగ బండెక్కాలి. రేణిగుంట దగ్గరి ఒక ఫ్యాక్టరీలో పన్నెండున్నరకు భోజనం గంట కొడతారు. ఆ గంటకు ముందే గిన్నెలు క్యాంటీన్ లోపల ఉండాలి. ఏడు సీట్ల బండిలో వెనక వరస తీసేసి, అక్కడ గిన్నెలు కదలకుండా ఇనుప కమ్మీలు బిగించుకుంది. దేవకమ్మ ఆమె దగ్గర ఆరేళ్లుగా పని చేస్తోంది. డ్రైవరును పెట్టుకోలేదు, తొమ్మిదేళ్లుగా తనే నడుపుతోంది.

పాత టైర్లు అరిగిపోయి నున్నగయ్యాయని కొత్తవి వేయించడానికి ముందురోజే తిరుపతికి పోయింది. తోడొచ్చిన తమ్ముడు మునిచంద్ర, "ఎన్నాళ్లక్కా ఈ ఇనుప రిమ్ములు? అల్లాయ్ రిమ్ములు వేయిద్దాం, బండి తీరే మారిపోతాది" అన్నాడు. షాపు యజమాని యోగానంద పదహారు అంగుళాల రిమ్ములు చూపించాడు. వెడల్పు టైర్లు, నల్లగా, బలంగా ఉన్నాయి. కోమలి అడిగింది ఒక్కటే.

"బరువేస్తే ఏమీ కాదు గదన్నా?"

"ఏమైతాదమ్మా? ఇంకా గట్టిగా నిలబడతాది బండి."

ఆ మాట విని తలాడించినందుకు తర్వాత మూడు వారాలు ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

చప్పుడు ఒక్క స్పీడ్ బ్రేకర్‌తో ఆగలేదు. గుంతలో పడ్డా వచ్చేది, వంతెన దిగి మలుపు తిరిగేటప్పుడు ఇంకా పొడుగ్గా వచ్చేది. నాలుగో రోజు కాలిన రబ్బరు వాసన లోపలికి వచ్చింది. సాంబారు వాసనలో కూడా అది తెలిసిపోయింది. గిన్నెలు దింపేశాక ఆ దారినే ఖాళీగా వెనక్కి వస్తుంటే మాత్రం ఏ చప్పుడూ ఉండేది కాదు.

భోజనాలయ్యాక అటునుంచి అటే షాపుకు పోయింది. యోగానంద తాళం తీసుకొని ఒక్కడే బండెక్కి రోడ్డు చివరి దాకా పోయి వచ్చాడు.

"ఏం లేదే. పట్టులాగా పోతాండాది."

"ఖాళీ బండిలో రాదన్నా. గిన్నెలుంటేనే వస్తాండాది."

"అయితే గిన్నెలే మోగుతుండాయేమో సూడమ్మా" అన్నాడు నవ్వుతూ. పక్కన నిలబడిన ఇద్దరు కూడా నవ్వారు.

కోమలికి చెవుల దాకా మండింది. తొమ్మిదేళ్లుగా ఆ గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. గిన్నె చప్పుడేదో టైరు చప్పుడేదో తెలియనిదానిలా నిలబెట్టాడు. అయినా గొడవ పడకుండా, చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనింగు చూడమని అడిగింది. అతను దాని అంచు ఒక వేలెడు కోసేసి, ఇక రాదన్నాడు. మర్నాడు మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే వచ్చింది.

రెండోసారి పోతే స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మెలు దూర్చి బండి వెనక భాగం కొంచెం లేపాడు. మూడు రోజులు చప్పుడు తగ్గింది గానీ, బండి ఎడ్లబండిలా ఎగిరెగిరి పడి రసం గిన్నె మూత తోసుకొని దేవకమ్మ చీర మీద చిమ్మింది. నాలుగో రోజు ఎగురుడూ మిగిలింది, చప్పుడూ తిరిగొచ్చింది.

మునిచంద్రకు ఫోన్ చేసి చెప్పింది.

"నువ్వు స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా పోవాలక్కా. కొత్త టైర్లు గదా, అలవాటు పడాల."

"నేను అలవాటు పడాల్నా, టైర్లు అలవాటు పడాల్నా?"

అతను ఏదో అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

కానీ మెల్లగానే నడిపింది, వేరే దారి లేక. గుంత కనిపిస్తే ఆగి, పక్కకు తిప్పి, నడిచే వేగంతో దాటించేది. లారీలు వెనక నుంచి హారన్లు కొట్టేవి. ఒకరోజు పన్నెండూ ముప్పై అయిదుకు చేరింది, ఇంకోరోజు నలభైకి. మూడోసారి క్యాంటీన్ చూసే చక్రధర్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతని వెనక జనం ఖాళీ ప్లేట్లు పట్టుకొని వరస కట్టారు.

"కోమలమ్మా, అరగంట విరామంలో పది నిమిషాలు నిలబడే పోతాండాది వీళ్లకు. పైన నేను ఏం చెప్పాల?"

"బండి ఇబ్బంది పెడతాండాది సారూ. ఈ వారంలో సరి చేయిస్తాను."

"పోయిన వారం కూడా ఇదే చెప్పినావు."

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ దేవకమ్మ మెల్లగా అడిగింది, "నిజంగా టైరేనా కోమలీ? బండికే ఏమన్నా అయిందేమో." కోమలికీ అదే అనుమానం మొదలైంది. నడపడమే తప్పేమో, లేని చప్పుడు వింటోందేమో. షాపుకు మళ్లీ ఫోన్ చేస్తే యోగానంద, రిమ్ముకూ బండికీ మధ్య స్పేసర్ బిళ్లలు వేద్దాం, అదే ఆఖరి మందు అన్నాడు. సరేనంది. శనివారం రమ్మన్నాడు.

శుక్రవారం భోజనాలయ్యాక, ఖాళీ గిన్నెలు బండిలోనే ఉంచి దేవకమ్మతో బియ్యం కోసం పుత్తూరు పోయినప్పుడు, లారీ టైర్ల షాపు ఒకటి కనిపిస్తే గాలి కొట్టించుకుందామని ఆగింది. షాపాయన సుందరరాజు అరవై దాటిన మనిషి, మెడలో సిలువ, చేతులకు రబ్బరు నలుపు. గాలి కొడుతూ వెనక ఎడమ టైరు బయటి అంచు మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. అక్కడ రబ్బరు చుట్టూరా తురిమినట్టు లేచి ఉంది.

"ఇది మడ్‌గార్డు అంచుకు ఒరుసుకుంటాండాది. ఎన్నాళ్లుగా?"

ఇరవై రోజుల్లో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. కోమలి జరిగిందంతా చెప్పింది.

"ఖాళీ బండిలో ఏం కనపడతాది? బరువెయ్యి, సూద్దాం. ఆ గిన్నెలన్నీ నీళ్లు పట్టు" అన్నాడు.

దేవకమ్మా ఆమే షాపు కుళాయి దగ్గర గిన్నెలు నింపి కమ్మీల మధ్య పెట్టారు. ఒక్కో గిన్నెకూ బండి కొంచెం కొంచెం కుంగింది. అన్నీ ఎక్కాక సుందరరాజు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు పెట్టబోయాడు. వేలు దూరలేదు.

"ఇంక గుంతలో పడితే యాడికి పోతాది టైరు?"

డ్రైవరు తలుపు తెరిచి, లోపలి అంచు మీద ఉన్న చిన్న కాగితం చూపించాడు. కంపెనీ ఇచ్చిన కొలత 185/65 R15. కోమలి ఆ తలుపును తొమ్మిదేళ్లుగా తెరుస్తూ మూస్తూ ఉంది గానీ ఆ కాగితం ఏనాడూ చదవలేదు. ఇప్పుడున్న టైరు మీద 205/60 R16 అని ఉంది. సుందరరాజు గచ్చు మీద సుద్దముక్కతో రాశాడు.

"మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది గోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఇంత అని. మూడోది రిమ్ము, అంగుళాల్లో. గోడ పైనా ఉంటాది, కిందా ఉంటాది, అందుకని రెండు గోడలూ రిమ్మూ కలిపితే టైరు మొత్తం ఎత్తు. నీ పాతది కూడితే ఆరు వందల ఇరవై రెండు. ఇది ఆరు వందల యాభై రెండు. మూడు సెంటీమీటర్లు పెద్దది. అంటే పైన ఒకటిన్నర సెంటీమీటరు చోటు పోయినట్టే."

"వెడల్పు కూడా పెరిగింది గదా?"

"అది గూడా ఉండాది. పైగా ఈ రిమ్ము బిగించే ముఖం లోపలికి ఉండాది, కాబట్టి చక్రం రెండు సెంటీమీటర్లు బయటికొచ్చి నిలబడతాండాది. సరిగ్గా మడ్‌గార్డు అంచు కిందికి."

"రేపు స్పేసర్లు వేస్తామన్నాడు."

"ఇంకా బయటికి తోస్తాయమ్మా అవి. ఈసారి టైరు కోసుకుంటాది."

ఆ అంకెలు చూసి కోమలికి ఊరట కలగాల్సింది. కోపమే వచ్చింది. ఒక సుద్దముక్క, పది నిమిషాలు, ఇంతే. షాపులో అమ్మకం ముందు ఇది చేసి ఉంటే సరిపోయేది.

"ఇదే రిమ్ముకు ఏ టైరు పడతాది మామా?"

"195/55 R16. కూడి సూడు, ఎత్తు పాతదానికి ఒక్క మిల్లీమీటరు గూడా తేడా రాదు. అయితే సైజు పక్కనే ఉండే బరువు అంకె సూసుకోవాల, టైరు ఎంత మోస్తాదో చెప్పేది అదే. పాతదాని మీద 88 అని ఉండుంటాది, దానికి తగ్గింది కొనద్దు. 91 దొరుకుతాది. నువ్వు మోసేది బరువు గదా. రిమ్ము కొంచెం బయటికే ఉంటాది గానీ అంచుకు తగలదు. వేసినాక బరువుతోనే సూసుకో."

శనివారం భోజనాలయ్యాక ఫ్యాక్టరీ కుళాయి దగ్గరే గిన్నెలు నీళ్లతో నింపుకొని తిరుపతి పోయింది. యోగానంద స్పేసర్ బిళ్లలు చేతిలో పట్టుకొని ఎదురొచ్చాడు.

"అవి పక్కన పెట్టన్నా. వెనక దేవకమ్మ పక్కన కూర్చో. నేను నడుపుతాను."

"నేనెందుకమ్మా వెనక?"

"అక్కడే వినిపిస్తాది."

కూర్చున్నాడు. ఆమె కావాలనే మామూలు వేగంతో స్పీడ్ బ్రేకర్ ఎక్కించింది. గర్రుమంది. తిప్పి తెచ్చి మళ్లీ ఎక్కించింది. మూడోసారికి యోగానంద కిటికీ పైన పిడి పట్టుకొని, "వినిపించిందమ్మా" అన్నాడు.

"గిన్నెలేనా?"

అతను దిగి, వాడిన టైర్లు వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నాడు, మునిచంద్రే ఆ సైజు అడిగాడన్నాడు. కోమలి గొంతు పెంచలేదు. బండి షాపు ముందే నీళ్లతో నిలబెట్టి, వచ్చిన ప్రతి మనిషినీ టైరు మీద వేలు పెట్టి చూడమంటానంది. అన్నట్టే ఒక స్టూలు తెచ్చుకొని కూర్చుంది. మొదట వచ్చినతను వంగి, వేలు పెట్టి చూసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. రెండో అతను చూస్తుండగా యోగానంద లోపలికి పిలిచాడు. ఆ వెడల్పు టైర్లకు సగం విలువ కట్టి, 195/55 టైర్లు వేయడానికి మిగతాది ఆమె పెట్టుకునేలా ఒప్పుకున్నారు. అది న్యాయం కాదని ఆమెకు తెలుసు, కానీ సోమవారం పొద్దున్నే పొయ్యి వెలిగించాలి.

రబ్బరు దిమ్మెలు తీయించింది. కొత్త టైరు మీద 91 అంకె తనే చదువుకుంది. నీళ్ల గిన్నెలు అలాగే ఉంచి వేలు పెడితే రెండు వేళ్లు దూరాయి. ముందు చక్రాలు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి చూసింది. అప్పుడు గానీ తాళం తీసుకోలేదు.

సోమవారం దారంతా కోమలీ దేవకమ్మా చెవులు వెనక ఎడమ చక్రం మీదే పెట్టారు. వంతెన దిగే మలుపులో దేవకమ్మ మూతలు గట్టిగా అదిమి పట్టడం అద్దంలో కనిపించింది. ఏ చప్పుడూ రాలేదు. పన్నెండూ పదికే చేరారు.

చక్రధర్ గిన్నెలు దింపించి, పక్కకు పిలిచాడు. వచ్చే నెల నుంచి సాయంత్రం షిఫ్టు భోజనాలు కూడా ఆమెకే ఇవ్వాలనుకున్నారని, ఆలస్యాల వల్ల పైవాళ్లు దాన్ని ఇంకొకరికి రాసేశారని చెప్పాడు. మధ్యాహ్నానిది మాత్రం ఆమెదే.

"సరే సారూ" అంది.

బండి దగ్గరికొచ్చేసరికి మునిచంద్ర ఫోన్. టైర్లు మార్పించాక ఆమె పంపిన బండి ఫోటో చూశాడట.

"టైర్లు సన్నంగా కనపడతాండాయి గదక్కా. ఆ గెటప్పే పోయింది."

కోమలికి, మూడు వారాలు తన చెవులను తానే నమ్మకపోవడం, నవ్విన ముగ్గురి ముందు తలొంచుకొని రావడం, రేపో మాపో తన చేతికి వచ్చే షిఫ్టు పోవడం, ఇవన్నీ ఒక్క మాటలో వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"ఆదివారం ఇంటికి రా. ఒక్కసారి గిన్నెలన్నీ నువ్వు ఎక్కించి, నువ్వే నడుపుదువు గానీ. తర్వాత గెటప్పు గురించి మాట్లాడుకుందాం" అని ఫోన్ పెట్టేసింది.

లోపల భోజనం గంట కొట్టారు. దేవకమ్మ సాంబారు గరిటె కోసం వెతుకుతోంది. కోమలి కొంగు దోపుకొని లోపలికి పోయింది.