మూలమట్టం తిప్పి చూసిన రోజు

పుస్తకాల బీరువాకి తలుపులు పట్టలేదు. ఎడమ తలుపు పైన ఒరుసుకుంటోంది, కింద వేలు దూరేంత సందు. చట్రం నేను చేశాను, తలుపులు మా అమ్మాయి చేసింది. ఆర్నెల్లుగా ఇదే వరస. ముప్పై ఏళ్లుగా నా పనికి లేని వంకర దాని చేతికి ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

బీరువా చేయించుకుంటున్న ఇంగ్లీషు మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. ఆయన ముందే నోరు పారేసుకున్నాను.

"దీని చెయ్యే అబ్‌నార్మల్ మాస్టారూ."

సోమవారం నుంచి వేరే షాపులో చేరతానని అమ్మాయి పొద్దున్నే చెప్పింది. ఇప్పుడు తన పనిముట్లు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. పోతే పోనీ అనుకుంటూనే ఆ గుడ్డ వంకే చూస్తున్నాను.

మాస్టారు మాట దొరికితే వదలరు. ఆ ఇంగ్లీషు మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా అని అడిగి, ఆయనే చెప్పారు. లాటిన్‌లో నార్మా అంటే మూలలు సరిచూసే వడ్రంగి మూలమట్టమట. అబ్ అంటే దాన్నుంచి తొలగిపోవడం. ఇన్నాళ్లూ అది డాక్టర్ల మాట అనుకున్నాను. నా గోడకి వేలాడే పనిముట్టు అందులో ఉందనేసరికి తలెత్తి దాని వంక చూశాను.

అమ్మాయి చుట్టడం ఆపింది.

"నీ మూలమట్టం తిప్పి చూశావా నాన్నా?"

పనిలో చేరినవాళ్లకి నేను నేర్పే మొదటి పాఠమే అది. చెక్క అంచుకి ఆనించి ఒక గీత గీయాలి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత. రెండూ ఒకటైతే మట్టం మంచిది. కానీ నాది మా నాన్న వాడినది, దాన్ని అనుమానించడమా? నిజానికి ఆర్నెల్ల కిందట, వేసవిలో అది నిచ్చెన మీంచి సిమెంటు గచ్చు మీద పడింది. తుడిచి మేకుకి తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

గీశాను. తిప్పి గీశాను. రెండు గీతలూ కింద కలిసి, పైకి పోయేకొద్దీ విడిపోయాయి. ఇన్నాళ్లూ నేను చేసిన తలుపులు నా చట్రాలకి సరిపోయాయంటే, రెండిటిదీ ఒకే వంకర. అమ్మాయి తన మట్టంతో పక్కనే గీసింది. తిప్పినా ఒకటే గీత.

"చట్రం విప్పుదామమ్మా," అన్నాను.

"విప్పుదాం. ముందు మాస్టారికి చెప్పు, వంకర ఎవరిదో."

ఆర్నెల్లు దాన్ని తిట్టిన నోటితోనే మాస్టారి వైపు తిరిగి అన్నాను.

"నాదే మాస్టారూ."

అమ్మాయి గుడ్డలోంచి స్క్రూడ్రైవరు ఒక్కటే తీసింది. మిగతావి అలాగే చుట్టి ఉన్నాయి.