నూలుకొట్టు గోడ మీది సంతకం

"గోడకు జబ్బు చేసిందా? చేయించింది మీరు! ముప్పై ఏళ్లు తలుపుకు తాళం బిగించింది మీరు. వాన గొట్టం పగిలిందని పదకొండు అర్జీలిస్తే ఒక్కదానికీ బదులివ్వనిది మీరు. ఇవాళ ఊడిపడి 'కూలిపోయేలా ఉంది, కూల్చేస్తాం' అంటారా? మనిషికి అన్నం పెట్టకుండా మాడ్చి, నీరసపడ్డాడు కాబట్టి పాతిపెట్టేద్దాం అన్నట్టుంది మీ వరస! ఈ గోడ గొంతు నులిమిన చేతులెవరివో గానీ, ఆ చేతులు పడిపోను!"

అన్నది మేస్త్రీ కోడలు. అన్నది పట్టణ కార్యాలయం వాళ్లను. నూలుకొట్టు గుమ్మం ముందు, నలభై మంది వింటుండగా. తగలాల్సిన వాళ్లకు తగిలిందో లేదో తెలియదు. జనం వెనకాల నిలబడ్డ మేస్త్రీ మాత్రం తన రెండు చేతుల్నీ చంకల్లో దాచేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

నూలుకొట్టు నూట ఇరవై ఏళ్ల నాటిది. ఒకప్పుడు ఊరి మగ్గాలన్నిటికీ నూలు అక్కడి నుంచే వెళ్లేది. మూరెడున్నర మందం ఇటుక గోడలు, సున్నం కట్టుబడి. లోపల ఒక్క స్తంభం అడ్డం లేని హాలు, పైన చెక్క దూలాలు, నిలువెత్తు కిటికీలు. మగ్గాలు పోయాక ఖాళీ అయింది. ఖాళీ ఇంటికి తాళం వేయడం తప్ప కార్యాలయానికి ఇంకో విద్య తెలియదు. ఇప్పుడు దాన్ని పడగొట్టి బళ్లు నిలుపుకునే చోటు చేస్తారట. మనుషులు కూర్చోడానికి చోటు లేని ఊళ్లో బళ్లకు చోటు!

కోడలు కుట్టుమిషన్ల కార్ఖానా వెనక రేకుల షెడ్డులో పిల్లల గది నడుపుతుంది. ఇరవై రెండు మంది పిల్లలు. తల్లులు మిషన్ల మీద, పిల్లలు రేకుల కింద. మధ్యాహ్నమయ్యేసరికి ఆ రేకు పెనమవుతుంది. పోయిన ఎండాకాలం ఒక పాప సొమ్మసిల్లితే ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఆవిడ కన్ను నూలుకొట్టు మీద పడింది. కిటికీ సందుల్లోంచి చూసి చూసి, పాత క్యాలెండరు వెనక నక్ష గీసింది. సగం హాలు పిల్లలకు. మిగతా సగం సాయంత్రం నుంచి ఊరికి: చదువుకునేవాళ్లకు చదువు, ముసలివాళ్లకు కబుర్లు, పోట్లాడుకునేవాళ్లకు పోట్లాట.

కార్యాలయం పంపిన ఇంజనీరమ్మ చిన్న వయసుది, చెడ్డది కాదు. తిట్లన్నీ ఓపిగ్గా విని అంది: "అమ్మా, నేను కొలిచాను. ఛాతీ ఎత్తు దాకా గోడ నిండా తడి. లోపల ఇటుక పొడి పొడి అయిపోయి ఉంటుంది."

"ఉంటుందా, ఉందా? కంటితో చూశావా తల్లీ?"

"చూడాలంటే పైపూత పగలగొట్టాలి. అదేమో రాయిలా ఉంది."

కోడలి మొహం వెలిగిపోయింది. "విన్నారా? రాయిలా ఉందట! అది మా మామయ్య పూసిన పూత. ముప్పై ఏళ్లయినా పెచ్చు లేవలేదు. కూల్చే ముందు మూడు వారాల్లో ఊరి సభ పెడతారుగా, ఆయనే వచ్చి చెప్తాడు ఈ గోడ సత్తువేంటో!"

నలభై తలకాయలూ వెనక్కి తిరిగి మేస్త్రీని చూశాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మేస్త్రీకి భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

ముప్పై ఏళ్ల కిందట కార్యాలయం వాళ్లు వచ్చి, పాత సున్నం పూత గీకేసి సిమెంటు కొట్టమన్నారు. ఊళ్లో అది మొదటి పెద్ద సిమెంటు పని. మేస్త్రీ అప్పుడు కండలు తిరిగిన వయసులో ఉన్నాడు. అద్దంలా పూశాడు. తలుపు పక్కన తాపీ మొనతో మూడు వంకర గీతలు గీశాడు. అక్షరాలు రానివాడికి అదే సంతకం. ఆ రోజు నుంచీ టీ కొట్టు దగ్గర ఒకటే మాట: "గోడ పడ్డా నా పూత పడదు." ఆ మాట ఇంత నిజమై కూర్చుంటుందని ఆయనకేం తెలుసు!

తెలియదా? తెలుసు. పూస్తున్న రోజుల్లోనే బట్టీ అక్క వచ్చి చెప్పింది. సున్నపు బట్టీ నడిపిన మనిషి, ఆయనకన్నా పదేళ్లు పెద్దది, సొంత అక్క కాకపోయినా అక్కే. "ఒరేయ్ తమ్ముడూ, సున్నం గోడ చెమట పోస్తుందిరా. రబ్బరు కోటు తొడుగుతున్నావు, ఆ చెమట ఎటు పోతుంది?" అని అడిగింది. "నీ బట్టీ మూతపడుతుందని నీ ఏడుపు" అని నవ్వాడు. బట్టీ నిజంగానే మూతపడింది. ఆ తర్వాత ఏటా పూత అంచుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంటే చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. ఒకరోజు కాదు, ముప్పై ఏళ్లు.

ఆ పూట అన్నం దగ్గర కోడలు ఆయనకు పాఠం మొదలుపెట్టింది.

"మామయ్యా, సభలో అటూ ఇటూ పోకండి. 'నేను పూశాను, ఉక్కులా ఉంది' అనండి చాలు. మీ మాటంటే ఊరికి గురి."

"ఊఁ."

"ఊఁ ఏంటి? టీ కొట్టు దగ్గర గంటలు గంటలు చెప్తారుగా!"

మేస్త్రీ ముద్ద మింగాడు. మింగింది ముద్దొక్కటే కాదు.

తెల్లవారగానే బట్టీ అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని కాళ్లు ఎండకు పెట్టుకుని ఉంది.

"అక్కా, నువ్వన్నదే అయింది."

"ఏది? నేను చాలా అన్నాను."

"గోడ."

"ఓహో. వార్త నడిచి రావడానికి ముప్పై ఏళ్లు పట్టిందా? మన సందు అంత పొడుగని నాకు తెలియదే!"

"తిట్టుకో. కానీ లోపల ఇటుక బతికుందో చచ్చిందో చూడాలి. నువ్వు రా."

"కార్యాలయం గోడరా అది. కేసు పెడతారేమో."

"పెట్టనీ."

ఆవిడ కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వింది. "అవునులే! నిలువునా కూల్చేస్తామన్న గోడకు గాటు పెడితే ఏం కేసు పెడతారు? చెయ్యందించు, లేస్తాను."

ఎక్కడ కొట్టాలో మేస్త్రీ వెతుక్కోలేదు. తన మూడు గీతల మీదే ఉలి ఆనించాడు. మొదటి దెబ్బకు ఉలి ఎగిరింది. పదో దెబ్బకు చిన్న పగులు. మధ్యాహ్నానికి చాపంత మేర ఊడొచ్చింది. పెచ్చు వెనక వైపు నల్లగా, తడిగా, కుండ అడుగులా వాసన కొట్టింది. పైన పటారం, లోన లొటారం. ఇటుక మొహం పిండిలా రాలింది. చచ్చిందనుకున్నాడు మేస్త్రీ. బట్టీ అక్క మాత్రం నడుమున దోపుకున్న చాకు తీసి ఇటుకలో పొడిచింది. వేలెడు దిగి ఆగిపోయింది. పక్క ఇటుకలో పొడిచింది. అక్కడా అంతే.

"తోలు పోయిందిరా తమ్ముడూ. కండ ఉంది."

సరిగ్గా అప్పుడే కోడలు వచ్చింది.

"మామయ్యా! వాళ్లు పడగొట్టేదాకా ఆగలేకపోయారా? మీరే మొదలుపెట్టారా?"

మేస్త్రీ ఉలి కింద పెట్టాడు. దాచకుండా చెప్పాడు. సున్నం గోడ నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదిలేస్తుందనీ, సిమెంటు పూత ఆ దారి మూసేసిందనీ, గొట్టం పగిలాక నీళ్లన్నీ గోడ పాదంలోకే దిగాయనీ, ఏటా ఉప్పు పూయడం చూసి కూడా తాను నోరు విప్పలేదనీ. కోడలు వంగి, రాలిపడ్డ పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"నిన్న... చేతులు పడిపోను అన్నాను" అంది.

"అన్నావు. పడలేదు. ఇంకా పనికొస్తాయేమో చూద్దాం."

"ఏం పనికి మామయ్యా? ఈ మాట మీరు సభలో అంటే, 'చూశారా, పూసినవాడే గోడ చెడిందని ఒప్పుకున్నాడు' అని మర్నాడే యంత్రం తెస్తారు. నా పిల్లలు ఆ రేకుల కిందే ఉడుకుతారు. అనకపోతే..."

"అనకపోతే అబద్ధం మీద పిల్లల్ని కూర్చోబెడతావు" అంది బట్టీ అక్క. "ముందు గోడను ఆరనివ్వండి. గోడే మాట్లాడుతుంది."

పగిలిన గొట్టం కింద రేకు ముక్క ఏటవాలుగా కట్టి, నీళ్లు కాలవలోకి మళ్లించారు. ముప్పై ఏళ్లలో నూలుకొట్టుకు జరిగిన మొదటి మరమ్మతు అదే. దానికి పట్టిన సమయం అరపూట. పదకొండు అర్జీలకూ కార్యాలయం చేయలేనిది ఒక ముసలివాడూ, ఒక ముసలావిడా, ఒక రేకు ముక్కా చేశాయి. ఈ లెక్క ఎవరైనా వాళ్లకు వినిపించాలి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే మేస్త్రీ వెళ్లి ఇటుక మీద అరచెయ్యి ఆనించేవాడు. మొదటివారం చెయ్యి చెమ్మగిల్లేది. గోడ ఉప్పు కక్కేది. ఆయన పొడి చీపురుతో ఊడ్చేవాడు. రెండోవారం చెయ్యి చల్లబడేది గానీ తడిసేది కాదు. పిల్లల గదికి వచ్చే తల్లులు దారిలో ఆగి తామూ చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టారు. "జ్వరం తగ్గిందా మేస్త్రీ?" అని అడిగేవారు. "పథ్యం పెట్టొచ్చు" అనేవాడు.

సభ రోజు గుమ్మం ముందే కుర్చీలు వేశారు. కార్యాలయం పెద్దసారు మధ్య కుర్చీలో, పక్కన ఇంజనీరమ్మ. కోడలు నక్ష చేతిలో పట్టుకుని ఉంది. ఏం చెప్పాలో మామయ్యకే వదిలేసింది. మేస్త్రీ ముందుకొచ్చాడు.

"సార్, ఈ గోడ గొంతు నులిమిన చేతులు ఇవే."

రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

"సిమెంటు కొట్టమంది మీ ఆఫీసు. కొట్టింది నేను. తప్పని ఈ అక్క చెప్పినా కొట్టాను. మీ వాళ్ల సంతకం ఫైల్లో ఉంటుంది, ఫైలును చెద తినేసి ఉంటుంది. నా సంతకం ఈ గోడ మీదే ఉండేది. నేనే చెక్కి తీసేశాను. చూసుకోండి."

వెనక నుంచి టీ కొట్టు ఆయన అరిచాడు: "అంటే ఇన్నేళ్లూ నా బల్ల మీద కూర్చుని నువ్వు కోసినవన్నీ కోతలేనా?"

"కోతలే. నమ్మి టీ పోసినందుకు నీకూ కొంచెం సిగ్గుండాలి."

జనం గొల్లున నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు. "అంటే గోడ చెడిందని మీరే ఒప్పుకుంటున్నారు. ఇక చర్చ ఏముంది?"

కోడలు కళ్లు మూసుకుంది. ఆవిడ భయపడింది ఈ ఒక్క మాటకే.

"పూత చెడింది సార్. గోడ కాదు" అన్నాడు మేస్త్రీ. "ఇంజనీరమ్మా, తడి కొలిచే నీ పెట్టె తెచ్చావా? పూత ఉన్న చోట ఒకసారి పెట్టు. చెక్కిన చోట ఒకసారి పెట్టు. నా మాట నమ్మొద్దు. ముప్పై ఏళ్లు నమ్మి ఏమైందో చూశారుగా."

ఇంజనీరమ్మ లేచింది. చేతిలో ఇమిడే పెట్టె సూదుల్ని ముందు పూత అంచున గోడకు ఆనించింది. ఎర్ర దీపం. చెక్కిన చోట ఆనించింది. పసుపు దీపం, తడి సగానికి దిగినట్టు. ఇంకో ఇటుక. పసుపు. ఇంకోటి. ఆవిడ పెట్టె జేబులో పడేసి, బట్టీ అక్క దగ్గర చాకు అడిగి తీసుకుంది. తానే పొడిచి చూసింది. వేలెడు దిగి ఆగింది.

"సార్," అంది పెద్దసారు వైపు తిరిగి, "నా నివేదిక తప్పు. పూత వెనక చూడకుండా రాశాను. మార్చి రాస్తాను."

"అందరి ముందు ఏమిటమ్మా ఇది!"

"ఆ పెద్దాయన ముప్పై ఏళ్ల తప్పు అందరి ముందు చెప్పాడు. నాది మూడు వారాలదే కదా సార్."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది జనానికి సూటిగా అర్థమైంది. సిమెంటంతా ఒలిచేయాలి. లోపలి దాకా ఆరడానికి ఏడాది పట్టొచ్చు, కానీ పని ఆగనక్కర్లేదు. పిండైన ఇటుకల్ని ఒక్కొక్కటిగా తీసి కొత్తవి పెట్టాలి. దూలాల బరువుకు గోడలు కాస్త బయటికి వాలాయి. ఆ గోడ నుంచి ఈ గోడకు ఇనుప కడ్డీలు వేసి, బయట బిళ్లలతో నడుం బిగించాలి. నాలుగు దూలాల కొనలే పుచ్చాయి. పుచ్చినంత మేరే కోసి కొత్త చెక్క అతకాలి. పైన సున్నం పూయాలి.

"సున్నం పూత పూసేవాళ్లెవరున్నారు ఈ రోజుల్లో?" అన్నాడు పెద్దసారు.

"నానబెట్టేది నేను" అంది బట్టీ అక్క.

"పూసేది నేను" అన్నాడు మేస్త్రీ. "నేర్చుకునేది ఈ తల్లులు. ఎనిమిది మంది ఇప్పటికే పేర్లిచ్చారు. నేను పోయాక ఈ గోడను చూసుకునేవాళ్లు ఉండాలిగా."

పెద్దసారు అటు చూశాడు, ఇటు చూశాడు. పారిపోయే దారి కనపడలేదు. "సరే. కూల్చివేత ఆపుతాం" అన్నాడు. జనం ఈలలు వేశారు. ఆయన చెయ్యెత్తాడు. "మరమ్మతు విషయం ఫైలు పెడతాం. పైకి పంపుతాం. ఓ ఆరు నెలల్లో..."

"ఆరు నెలలా?" కోడలు నక్ష చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి ఆయన కుర్చీ ముందు నిలబడింది. తల మీద మబ్బు కమ్ముకుంటోంది. "వాన మీ ఫైలు చూసి కురుస్తుందా సార్? ఎండ మీ సంతకం కోసం ఆగుతుందా? ఫైలు మీరు నింపుకోండి, ఆరు నెలలు కాకపోతే అరవై నెలలు నింపుకోండి. ఒలవడం మేం రేపు పొద్దున మొదలుపెడతాం. ఇంజనీరమ్మ వచ్చి ఎక్కడ ఒలవాలో గీత గీస్తుంది. గొట్టం ఈ వారంలో కొత్తది వేయించండి. కడ్డీలకు కమ్మరికి రేపే చెప్పండి. అన్నిటికంటే ముందు..."

ఆవిడ చెయ్యి చాపింది. పక్కనే మేస్త్రీ చెయ్యి, సున్నం పట్టి తెల్లబడ్డది. దాని పక్కన బట్టీ అక్క చెయ్యి. వెనక ఇంకా చేతులు.

"తాళంచెవి ఇటివ్వండి. ఇప్పుడే."