రెక్కల వాటా స్పిరిట్

మి-1 హెలికాప్టర్‌లో రకాలు చాలానే వచ్చాయి. ఫిరంగులకు గురి చూపేది ఒకటి, కొత్తవాళ్లకు నడపడం నేర్పేది ఒకటి, పొలాలకు మందు చల్లేది ఇంకొకటి. పెచోరా నది ఒడ్డున మా దళానికి దక్కింది రోగుల్ని మోసేది. దానికి రెండు పక్కలా మూతలున్న తొట్లు. అందులో పడుకున్నవాడికి జబ్బు నయమైనా భయంతో మళ్లీ వచ్చేది. నేను దాని మెకానిక్ జఖారిచ్‌ని.

అప్పట్లో దాని రెక్కలు కర్రా గుడ్డా. వాటి మీద మంచు పేరుకోకుండా చల్లడానికి స్పిరిట్ ట్యాంకు ఉండేది. స్వచ్ఛమైన స్పిరిట్, నీళ్లు కలిపితే వోడ్కా! మా ఉత్తరాదిలో దాన్ని రెక్కలకు పోయడమంటే, పెళ్లికొచ్చినవాళ్లను వదిలేసి బల్లలకు వడ్డించడమే.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం స్టోరుకీపరు లూకిచ్‌కు అపెండిక్స్ వాచింది. సాయంత్రంలోగా కోయకపోతే పోతాడన్నాడు కాంపౌండరు. ఎడమ తొట్టిలో పడుకోబెట్టి ఆస్పత్రికి బయల్దేరాం. కమాండర్ రోదియోన్ నడుపుతున్నాడు. నేను వెనక సీట్లో. తొట్టికీ నాకూ మధ్య చెయ్యి దూరేంత కంత. అందులోంచి లూకిచ్ మూలుగు.

అడవి మీదికి రాగానే మబ్బు కమ్మింది. రెక్కల చప్పుడు మారింది. ఎంత వణికిందంటే, నా పళ్లు ఊడి మళ్లీ వాటి చోట్లలోనే కూర్చున్నాయి.

"మంచు పేరుకుంటోంది! స్పిరిట్ వదుల్తున్నా," అని కమాండర్ మీట మీద చెయ్యి వేశాడు.

కంతలోంచి ఓ చెయ్యి వచ్చి నా కాలరు పట్టుకుంది.

"వద్దను జఖారిచ్! ఆపమను!"

"నొప్పా లూకిచ్?"

"నొప్పి కాదురా మొద్దూ! ట్యాంకులో ఉన్నవి నీళ్లు!"

"మరి స్పిరిట్?"

"మొన్న పండగ రాలేదూ?"

నీళ్లు చల్లితే గడ్డకట్టి రెక్కలు మరింత బరువెక్కుతాయి. రాయిలా పడిపోతాం. ముందుకు దూకి కమాండర్ మణికట్టు పట్టుకుని చెప్పాను. అతను తిట్టిన తిట్లకు సైబీరియా మంచు మొత్తం కరగాలి. రెక్కల మీది ఆ కాస్తా మాత్రం కరగలేదు. చెట్ల కొనలు గీసుకుంటూ ఓ చిత్తడి బయలులో దిగాం.

రెక్కల మీద వేలు మందాన మంచు. కొట్టి రాలుద్దామంటే గుడ్డ చిరుగుతుంది. చేతులతో రుద్దుతూ కూర్చుంటే లూకిచ్ మిగలడు.

"చావనీ, దొంగ వెధవ!" అంటూనే కమాండర్ కోటు విప్పి రెక్కను రుద్దుతున్నాడు.

తొట్టి మూత తెరిచాను. లూకిచ్ మొహం సున్నంలా ఉంది. దుప్పటి కింద దేన్నో గట్టిగా హత్తుకున్నాడు. లాగి చూస్తే ఫ్లాస్కు. నిండా స్పిరిట్.

"కోత అయ్యాక తాగుదామని దాచుకున్నా, తమ్ముడూ."

"ఇలా వదులు."

"సగమే తీసుకో."

"నువ్వూ సగమే చేరతావు మరి!"

కళ్లు గట్టిగా మూసుకుని వదిలాడు. ఆస్పత్రిలో కడుపు కోసినప్పుడు కూడా అంత మూలిగి ఉండడు.

గుడ్డలు తడిపి తుడిస్తే మంచు పలకలుగా జారింది. ఒక్క ఫ్లాస్కు మూడు రెక్కలకు ఎలా చాలిందని అడక్కండి. లూకిచ్ తనకోసం దాచుకున్న సరుకు ఆషామాషీగా ఉంటుందా! మబ్బు కిందే, నది వెంటే ఎగిరి, వెలుగుండగానే ఆస్పత్రి పెరట్లో దిగాం.

లూకిచ్ బతికాడు. స్టోరు తాళాలు మాత్రం మళ్లీ అతని చేతికి రాలేదు. ఆనాటి నుంచి కమాండర్ ఎగిరే ముందు ట్యాంకులో వేలు ముంచి నాకి చూసేవాడు. అతన్ని చూసి మిగతా పైలట్లూ మొదలుపెట్టారు. రెండో వేలు ముంచబోతే మాత్రం నేను మూత వేసేసేవాణ్ణి.