గంగక్క నడక, దేవరాజ్ సరాసరి

దేవరాజ్ గంగక్క చేతిలోంచి వైపర్ కర్ర లాక్కున్నాడు. మా పదకొండు మంది కళ్ల ముందే. కన్నడ రాష్ట్రం అంచున ఉన్న క్యాతగానచెర్లు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లం మేము. వాడు మా మీద కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు.

"నీది ఏడు వరసలే గంగక్కా. సరాసరి తొమ్మిది. రేపు నీకు పని ల్యా. ఇది రెండోతూరి. మూడోతూరి పడితే గేటు లోపలికే రానియ్యను."

"మోకాళ్లు పట్టుకపోయినాయప్పా. ఈ ప్యానెళ్ల కింద ఉండేది నా గొర్రెలు మేసిన బీడే కదా. గొర్రెలు పోయె. ఇది కూడా పోతే యాడికి పోవల్ల?"

"నన్నేం అడుగుతావు? లెక్కను అడుగు."

లెక్కను అడగాలట! ఒళ్లు మండిపోయింది నాకు. మండి ఏం లాభం? అందరిలాగే నేనూ పైపు చుట్టుకున్నాను.

వాడి రూలు వినండి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. సాయంత్రం మేమంతా కడిగిన ప్యానెళ్ల వరసలు కూడి, తలలకు పంచుతాడు. అదే సరాసరి. దానికి తక్కువ కడిగినవాళ్లకు మర్నాడు పని ఉండదు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! లెక్కకు అయినవాళ్లు, కానివాళ్లు ఉండరు కదా అనుకున్నాం. కింద పడకూడదని ఉరికాం. మేం ఉరికితే సరాసరీ ఉరికింది. ఏడున్నది ఎనిమిదయింది, తొమ్మిదయింది. నీళ్లు తాగడానికి ఆగలేదు, ఒంటికి పోవడానికీ ఆగలేదు. అయినా రోజూ ఎవరో ఒకరు కింద పడుతూనే ఉన్నారు. వాళ్లను చూసి మిగిలినవాళ్లం అమ్మయ్య అనుకునేవాళ్లం. ఛీ, అంతకు దిగజార్చాడు మమ్మల్ని.

గంగక్క మళ్లీ పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం ట్యాంకరు నీడలో ముద్దల మూటలు విప్పుకున్నాం. నేను ఆపుకోలేక సింధుశ్రీ మీద పడ్డాను. పీయూసీ చదివిన పిల్ల, మాలో అందరికంటే చురుకు. పదకొండు వరసలు కడిగేస్తుంది.

"నువ్వు ఉరకబట్టే కదే ముసలామె బయటపడేది!"

"నేను తగ్గితే నన్ను తీసేస్తాడు. మా ఇంట్లో పొయ్యి నువ్వొచ్చి ఎలిగిస్తావా పుష్పక్కా?" అని అదీ ఎదురు తిరిగింది.

గంగక్క కసిరింది. "నోర్లు ముయ్యండే. నాగలమడిక ఏటికి మంద తోలేటప్పుడు కుంటి గొర్రె ఉంటే ఏం జేస్తాంటిమి? మందంతా దాని నడకే నడిచేది. ముందురికే పొట్టేలుకు కట్టె అడ్డం పెడతాంటిమి. ల్యాకుంటే ఎనకబడింది తోడేలు పాలే."

సింధుశ్రీ ముద్ద వదిలి లేచింది. కడగని ప్యానెల్ మీది దుమ్ములో వేలితో పన్నెండు ఏడులు రాసింది. కూడి, పన్నెండుతో భాగించింది.

"అక్కా, అందరం ఏడే కడిగితే సరాసరీ ఏడే! కింద పడేదెవరు?"

"తొమ్మిదే కావల్లంటే?" మాలో వెంకటక్కకు భయం.

"అననీ. అప్పుడు లెక్క పేరు చెప్పి మనల్ని ఆడిచ్చేది ఎవరో తెలిసిపోతాది," అంది సింధుశ్రీ.

ఆ సాయంత్రం పన్నెండు మందివీ ఏడే. దేవరాజ్ ఫోనులో మళ్లీ మళ్లీ నొక్కి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఆటలాడతాండారా? నిన్న తొమ్మిది కదా!"

"సరాసరి కింద ఎవరుండారో చెప్పు సార్," అన్నాను.

"ఎవురూ లేకపోతే నేనే చెప్తా. గంగక్క రేపట్నించి రావద్దు."

చూశారా! ఇన్నాళ్లూ లెక్క లెక్క అన్నవాడే లెక్కను అవతల పారేశాడు. మేం వైపర్లు కింద పడేశాం. మర్నాడు పొద్దున గేటు ముందు కూర్చున్నాం, ఆ మర్నాడూ కూర్చున్నాం. ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంది. అప్పుడు వచ్చింది పోలీసు జీపు.

"మీలో లీడరెవరు?" ఎస్సై కన్నడంలో అడిగాడు.

సింధుశ్రీ కన్నడంలోనే జవాబిచ్చింది. "అందరం సమానమే సార్. సరాసరి కట్టుకోండి."

"అయితే అందరూ స్టేషనుకు నడవండి!" జీపులో పన్నెండు మంది పట్టరు మరి.

లేచాం. గంగక్కను ముందు పెట్టుకున్నాం. మోకాలి మీద చెయ్యి ఊనుకుని, అడుగు తీసి అడుగు వేస్తోంది ఆమె. వెనక జీపు హారను మోగిస్తూనే ఉంది.

"బేగ నడవండమ్మా!"

"ఇదే మా నడక సార్," అంది సింధుశ్రీ.

పక్క బ్లాకుల్లో కడుగుతున్న ఆడవాళ్లు పనులు ఆపి చూశారు. వైపర్లు భుజాన వేసుకుని ఒక్కొక్కరే రోడ్డెక్కారు. మా వెనక గుంపు పెరుగుతూ పోయింది. ఒక్కరూ గంగక్కను దాటలేదు.