పేరుకు చోటు లేని పాట

మా ఆయన అరిస్తిదెస్ కొత్త రికార్డు ఇంటికి తెస్తే ముందు చేసే పని దాన్ని వినడం కాదు. మధ్యలో అంటించిన కాగితాన్ని తడిపి, బ్లేడుతో గీకి పారేయడం. పాడిందెవరో, ఏ దేశం పాటో ఇంకెవరి కంటా పడకూడదు. మా ఊరు బార్రాంకియాలో పికో నడిపే వాళ్లందరూ చేసేదే ఇది. బీరువా కన్నా ఎత్తైన ఆ సౌండు పెట్టెను వీధి నాట్యాలకు పిలిచేది అందులోని పాటల కోసమే. ఆ పాటలు పక్క పికోలో కూడా దొరికితే మమ్మల్ని పిలిచే నాథుడుండడు.

మా పికో పేరు లా పాంతెరా. దాని బతుకంతా ఒక్క పాట మీద ఉంది. ఎప్పుడో ఓడలో ఆఫ్రికా నుంచి వచ్చిన రికార్డు. ఆ దరువుకు అడ్డంగా నడవబుద్ధవుతుందని జనమే దానికి ఎండ్రకాయ పాట అని పేరు పెట్టుకున్నారు. అసలు పేరు కట్టుకున్న పెళ్లానికే చెప్పలేదు ఆ మహానుభావుడు.

ఈ వానాకాలం తేమకు రికార్డులకు బూజు పట్టింది. మా అబ్బాయి దాయ్రో వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని కూర్చున్నాడు. తండ్రీకొడుకులకు మొదటి రోజే పేచీ.

"వేవ్‌లో ఎక్కిస్తే డిస్కు నిండిపోతుంది నాన్నా. ఫ్లాక్ రకం ఫైలయితే శబ్దం ఇసుమంత కూడా పోదు, సగం చోటు చాలు. పైగా పాట పేరు, పాడినవాడి పేరు లోపలే దాచుకుంటుంది."

"మరి ఆ వేవ్?"

"అందులో పేర్లు సరిగ్గా నిలవవు."

"అయితే అదే కావాలి. పేరుకు చోటు లేని దాంట్లో ఎక్కించు."

"నీతో వేగలేం" అన్నాడు దాయ్రో. తండ్రి అటు తిరగగానే ఫ్లాకే ఎంచుకున్నాడు. నేను చేపలు తోముకుంటున్నాను. ఆ గొడవలు నాకెక్కడ అర్థమవుతాయి?

ఆ శుక్రవారం వాడు సంబరంగా కేకేశాడు. "నాన్నా, ఇలా రా. నువ్వు గీకేసిన పేర్లన్నీ తిరిగొస్తున్నాయి."

అరిస్తిదెస్ వచ్చి తెర వంక చూశాడు.

"దీనికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఈ ప్రోగ్రామే పాట విని, నెట్లో పోల్చుకుని, పేరు తెచ్చి అంటిస్తుంది."

"అంటే నా పాటను బయట ఎవరికో వినిపించిందన్నమాట."

"ఎవరికీ కాదు నాన్నా, అదంతా మిషనే."

"చెరిపెయ్."

దాయ్రో ఆయన ఎదురుగానే పేర్లన్నీ చెరిపాడు. ఆ రోజు అన్నం, చేప అలాగే వదిలేసి లేచిపోయాడు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. రికార్డుల మీదున్న బెంగ మనుషుల మీద ఉంటే బాగుండేది కదా.

కానీ కొన్నాళ్లకు నాకే భయం పట్టుకుంది. మొక్కజొన్న అరెపా రొట్టెలు కొనుక్కుంటుంటే, మాకు పోటీ అయిన ఎల్ రాయో పికోలో మైకు పట్టుకునే చిచి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏం నుబియక్కా, సరుకంతా కంప్యూటర్లో పెట్టేస్తున్నారటగా. మంచి పని. ఎండ్రకాయ కూడా ఎక్కిందా?"

"నీకెందుకురా?"

"ఊరికే అడిగానక్కా. బావగారి ఆరోగ్యం జాగ్రత్త."

ఇంటికొచ్చి దాయ్రోను నిలదీశాను. చెరపకముందే ఆ పాటను ఎంపీత్రీ చేసి, బండిలో వేసుకోమని, టాక్సీ నడిపే మా అన్న కొడుకు విల్మెర్ ఫోనుకు పంపాడట.

"అది చిన్న ఫైలమ్మా. పికోలో వేస్తే రేకు డబ్బాలా మోగుతుంది. ఎవడికి పనికొస్తుంది?"

"అందులో పేరుందా?"

"ఉంది" అన్నాడు.

నాన్నకు చెప్పమన్నాను. రేపంటూ మాపంటూ దాటేశాడు. వారాలు గడిచినా ఏమీ జరగలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చిచి ఎదురైనప్పుడల్లా మర్యాదగా తలవంచేవాడు.

పేటలో పండగ నాట్యం ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. వీధికి ఆ కొసన ఎల్ రాయో, ఈ కొసన మేము. జనం మా వైపే కిక్కిరిసి ఎండ్రకాయ కావాలని అడుగుతున్నారు. అరిస్తిదెస్ రికార్డు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అంతలో అటునుంచి చిచి మైకు అందుకుని, ఒక గాయకుడి పేరు, అతని దేశం, పాట పేరు ముక్క ముక్కగా విడదీసి చదివాడు. తర్వాత పాట వేశాడు.

అది రేకు డబ్బా మోత కాదు. పేరు పట్టుకుని ఎక్కడి నుంచో తెప్పించుకున్న అసలు రికార్డు. మాదానికున్న అరుగుదల కూడా లేదు. గుండెల్లో దరువు పడుతోంది. మా ముందున్న జనం ఒక్కొక్కరే అటు తిరిగారు.

"మనదీ వెయ్యి నాన్నా" అన్నాడు దాయ్రో.

ఆయన కొడుకును తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకనిపించింది. రికార్డును వాడి చేతిలో పెట్టాడు.

"తీసుకో. దేంట్లోకి కావాలంటే దాంట్లోకి ఎక్కించుకో. ఇక ఏదైనా ఒకటే."

తర్వాత వంగి లా పాంతెరా తీగలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. మా ముందున్న ప్లాస్టిక్ కుర్చీలను జనం ఆ కొసకు ఎత్తుకుపోతున్నారు.