పోనీండి

కారవాన్ అంటే మా నర్సీపట్నం వాళ్లకి తెలిసింది సినిమావాళ్ల బండి. లంబసింగి షూటింగులకి పోయే ఆ తెల్లటి పెద్ద బళ్లని జంక్షన్లో నిలబడి చూసినవాళ్లే అందరూ. అందుకే మా బండి మొదటిసారి సందులోంచి రోడ్డెక్కినప్పుడు టీకొట్టు దగ్గర కుర్రాళ్లు, "హీరోయిన్ ఎవరండీ మాస్టారూ?" అని అడిగారు. మా ఆవిడ ప్రేమావతి కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనే. ఏటి, కనబడ్డం లేదా?" అంది.

మాది సినిమా బండి కాదు. ఎవరో కాన్వెంటువాళ్లు వదిలించుకున్న పాత స్కూలు వ్యాను. వెనక సీట్లు పీకించి, ఒక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాం. ప్రేమ తన పాత చీరలతో కర్టెన్లు కుట్టింది. నీలం రంగు వేయించాం గానీ, పెచ్చులూడిన చోటల్లా కింద పసుపు కనబడుతూనే ఉంటుంది. ఎదురింటి సోమలమ్మ దాన్ని బండిల్లు అంటుంది. నాకు ఆ పేరు నచ్చింది. ఆ ముక్క ఆవిడతో మాత్రం అనలేదు, నెత్తికెక్కుతుంది.

ఇదంతా ప్రేమ కోరిక. ఆమె ఆర్టీసీలో కండక్టరు. ఉద్యోగమంతా నిలబడే చేసింది. రిటైరయ్యాక చర్చిలో పాస్టరుగారు ఆమె కోసం ప్రార్థన చేసి, "ఇక విశ్రాంతి తీసుకోండమ్మా" అంటే, "విశ్రాంతి కాదండి, కిటికీ పక్కన కూసోవాలండి" అంది. నేను సోషల్ మాస్టారిని. పటం మీద కర్ర పెట్టి దక్కను పీఠభూమి చూపించడమే తప్ప నేను మాత్రం ఏం చూశాను? సరే అన్నాను. ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను. నేర్పినవాడికి నా మీద ఆశ లేదు. ఆ మాట నా మొహం మీదే చెప్పాడు.

మా తొలి ప్రయాణం తాండవ రిజర్వాయరుకి. ఆ రోజు డ్రైవింగు నేర్పినవాడే బండిని సందులోంచి రోడ్డెక్కించి ఇచ్చాడు. ప్రేమ బండెక్కి, వెనక్కి తిరిగి, ఖాళీ బండిని ఒకసారి పరికించి, "అందరూ ఎక్కీసేరా?" అంది. ఎక్కవలసినవాళ్లం మేమిద్దరమే. తరవాత నా సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. కూర్చోవే అంటే, "కూసుంటే ఎలాగో ఉంటాదండి" అంది. ఊరు దాటాక గాని కూర్చోలేదు. నాతవరం రోడ్డు మీద కిటికీలోంచి చూసి, "ఈ కొండ ఎప్పట్నించి ఉన్నాదండీ ఇక్కడ?" అని అడిగింది. ఆ రోడ్డు మీదే ఏళ్ల తరబడి డ్యూటీ చేసిన మనిషి. జనం తలలూ, చాచిన చేతులూ తప్ప ఆమెకి ఆ రోడ్డు ఎప్పుడూ కనబడలేదు.

"నిన్ననే తెచ్చి పెట్టారు" అన్నాను.

కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తరవాత ఎప్పుడు ఆ దారిన పోయినా అదే అడిగేది, నేను అదే చెప్పేవాణ్ణి.

ఆ రోజే రిజర్వాయరు గట్టు కింద బండి వెనక్కి తియ్యాల్సి వచ్చింది. ఆమె దిగి వెనక నిలబడి, అలవాటు కొద్దీ "రైట్, రైట్" అంది. కండక్టర్ల భాషలో రైట్ అంటే పోనియ్ అని. నా భాషలో రైట్ అంటే కుడి. స్టీరింగు కుడికి తిప్పాను. వెనక చక్రం పంటకాలువలో దిగబడింది. ఎవరో రైతుని బతిమాలి ట్రాక్టరుతో లాగించేసరికి పొద్దు వాలింది.

"రైట్ అన్నావు కదా?"

"రైట్ అంటే ఎల్లమని గానీ తిరగమనా? ఏ ఊరి మాస్టారండీ మీరు?"

ఇంటికొచ్చేదాకా దెబ్బలాడుకున్నాం. అప్పట్నించి మా బండిలో రైట్ అనే మాట నిషేధం. దాని బదులు "పోనీండి" వచ్చింది. నోటి మాట ఇంజను మోతలో నాకు వినబడదని, బస్సులో గంట కొట్టినట్టే బండి వెనక రేకు మీద అరచేత్తో చరిచేది. ఒక దెబ్బయితే ఆగు. రెండయితే పో.

మా సందు అసలు బండి పట్టే సందు కాదు. ఒక పక్క మురుక్కాలువ, ఇంకో పక్క సోమలమ్మ ప్రహరీ గోడ. లోపల తిప్పుకోడానికి చోటు లేదు, మెయిన్ రోడ్డు దాకా వెనక్కే తియ్యాలి. ప్రేమ వెనక నిలబడకుండా నేను ఆ బండిని ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. తియ్యగలనని అనుకోనూ లేదు.

మాకవరపాలెంలో మన్మథరావు అని కరెంటాఫీసులో చేసి రిటైరైన ఆయన ఉన్నాడు. ఆయనకీ మాలాంటి బండే. ఆయనా, భార్య గౌతమీ, మేమిద్దరం కలిసి అరకు పోయాం, కోరాపుట్ పోయాం, ఉప్పాడలో సముద్రం ఒడ్డున చేపలు వండుకున్నాం. ప్రేమ ఎక్కడ దిగినా ముందు ఆ ఊరి బస్టాండు ఎక్కడో కనుక్కునేది. అక్కడికి పోయి, బస్సులు వస్తూ పోతూ ఉంటే బల్ల మీద కూర్చుని చూసేది. తనకి డ్యూటీ లేదు కదా అని అదో సంబరం.

తరవాత ఆమెకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విశాఖపట్నంలో ఆసుపత్రిలో పెట్టాం. చివరి మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని, "బాగయ్యాక లంబసింగి పోదాం, మంచు చూద్దువుగాని" అన్నాను. ఆమె నా వైపు చూసి, మాస్కు కాస్త పక్కకి జరుపుకుని, "పోనీండి" అంది. మంచం ఇనప కమ్మీ మీద వేళ్లతో టక్ టక్‌మని తట్టింది. దాహమేమోననుకుని చెంచాతో నీళ్లు పోశాను. మింగింది. ఇక మాట్లాడలేదు.

పోనీండి అంటే వదిలెయ్యండి, ఇంకేం అక్కర్లేదు అని కూడా కదా. ఆసుపత్రి మంచం మీది మనిషి ఆ మాట అంటే ఎవరికైనా అదే అర్థమవుతుంది. పక్కనున్న నర్సు కూడా, "అమ్మ ఇంక వద్దంటున్నారు సార్" అంది. నేనూ అలాగే తీసుకున్నాను. వదిలెయ్యమంది, వదిలేశాను. లంబసింగిని వదిలేశాను, బండిని వదిలేశాను, చాలావరకు మనుషుల్ని కూడా వదిలేశాను.

బండి మాత్రం వాకిట్లో ఉంది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక బ్యాటరీ చచ్చిపోకుండా కాసేపు ఇంజను తిప్పి ఆపేసేవాణ్ణి. సాయంత్రం బండిలోనే టీ కాచుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని తాగేవాణ్ణి. సోమలమ్మ గోడ మీంచి, "ఈయేళ ఎక్కడికెళ్లొచ్చేరు మాస్టారూ?" అని అడిగేది. అరకు అనో, కోరాపుట్ అనో చెప్పేవాణ్ణి. వెటకారమే, కాని ఆ రోజు మొత్తానికి నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే అయ్యేది. నిజం చెప్పాలంటే నేను ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. ఇంట్లో ప్రేమ ఎక్కడా లేదు. బండిలో ఆమె సీటయినా ఉంది. ఖాళీ సీటు పక్కన కూర్చోవడం, ఏమీ లేని చోట కూర్చోవడం కన్నా కొంచెం నయం.

మన్మథరావు ఎన్నోసార్లు రమ్మన్నాడు. "మా బండిలో రండి మాస్టారూ, మీకు చోటు లేదేటి?" అనేవాడు. ఒకసారి పోయాను కూడా. గౌతమి మూడు గ్లాసుల్లో టీ పోసింది. వాళ్లిద్దరూ దారి గురించి కీచులాడుకుంటుంటే వెనక కూర్చుని విన్నాను. అంత మంచి కీచులాట. మళ్లీ పోలేదు.

మొన్నటి వానలకి చీర కర్టెన్లు బూజు పట్టాయి. ఎలకలు పరుపు కొరికేశాయి. టైర్లలో గాలి దిగిపోయింది. చూస్తూ చూస్తూ దాన్ని మట్టిలో కలిపెయ్యడం ఎందుకని, నాతవరం సింగన్న టిఫిన్ బండి పెట్టుకుంటానంటే ఇచ్చేస్తానన్నాను. మంచివాడు, అతని భార్య ఇడ్లీ బాగా చేస్తుందంటారు. కనీసం పొయ్యయినా వెలుగుతుంది కదా అనుకున్నాను. మన్మథరావుకి ఫోన్ చేసి చెప్పాను. "శనివారం మేం తాండవ దగ్గరుంటాం మాస్టారూ. ఇచ్చీసే ముందు ఓ ఫోటో తీసి పంపండి" అన్నాడు.

శనివారం పొద్దున్నే సింగన్న డ్రైవరుతో వచ్చాడు. ఆ డ్రైవరు మా సందుని చూసి, కాలువని చూసి, "నా వల్ల కాదండి, రోడ్డెక్కించి ఇచ్చీయండి" అన్నాడు. ఇద్దరూ పోయి మెయిన్ రోడ్డు మీద నిలబడ్డారు. అంటే నేనే తియ్యాలి. పరుపూ, కర్టెన్లూ దించలేదు. దించబోయి చేతులు రాక ఊరుకున్నాను. గాలి మాత్రం ముందు రోజే కొట్టించాను. స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పి, అలాగే ఉండిపోయాను. అద్దంలో వెనక ఎవరూ లేరు.

ఇంజను మోత విని సోమలమ్మ బయటికొచ్చింది.

"ఏటి, నిజంగా తీసీస్తన్నారా? నా గోడకి తగిలిందంటే ఊరుకోను. ఉండండి, నాను ఎనకాల నిలబడతాను."

ఆవిడ చీర చెంగు నడుముకి దోపుకుని వెనక్కి పోయింది. అద్దంలో ఒక మోచెయ్యీ, చీర అంచూ మాత్రం కనబడుతున్నాయి. "రండి, రండి, కాలవ వేపు పోకండి, ఇటు, ఇటు" అని అరుస్తోంది. రేకు మీద ఒక దెబ్బ పడింది. ఆగాను. కాస్త సరిచేసుకున్నాను. అప్పుడు మళ్లీ వినబడింది. ఒకదాని వెంట ఒకటి, రెండు దెబ్బలు.

 కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

ఆసుపత్రి కమ్మీ మీద కూడా రెండే. టక్, టక్. ఆమెకి గొంతులో బలం లేదు, మాట నాకు సరిగ్గా అందదని ఆమెకి తెలుసు. అందుకే తట్టి చెప్పింది, బండి వెనక నిలబడి ఎన్నిసార్లు చెప్పిందో అలాగే. వదిలెయ్యండి అనడానికి ఎవరైనా రెండు దెబ్బలు కొడతారా? ఉద్యోగమంతా గంట కొట్టి బస్సుని పంపిన మనిషి, చివరికి నన్ను పంపింది. నేను నోట్లో నీళ్లు పోశాను. పోసి, ఇంటికొచ్చి, ఇన్నాళ్లూ ఆగిపోయి కూర్చున్నాను.

సోమలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏటి మాస్టారూ, ఎల్లమంటే ఆపీసేరు?"

"రెండు దెబ్బలు ఎందుకు కొట్టావు?"

"ప్రేమమ్మ అలాగే కొట్టీది గదండీ. ఒకటైతే ఆగాల, రెండైతే ఎల్లాల. ఈ ఈదిలో అందరికీ తెల్సు."

నేను స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చాను. ఆవిడ కాసేపు తన గోడని అటూ ఇటూ చూసుకుని, "గోడకేటీ తగల్లేదులెండి" అంది. తరవాత నెమ్మదిగా, "ఇచ్చీడం ఇష్టం లేకపోతే మానీయండి. ఎవడేటంటాడు?" అంది.

కళ్లద్దాలు తుడుచుకున్నాను. "సోమలమ్మా, ఇంకోసారి కొట్టు."

ఆవిడ వెనక్కి పోయి రెండు దెబ్బలు కొట్టింది, అవసరమైనదానికన్నా గట్టిగానే. బండి సందు దాటి రోడ్డెక్కింది.

సింగన్న దగ్గరికొచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. అతని మొహంలో కొత్త బండి సంతోషం చూసి నాకు సిగ్గేసింది.

"ఏమీ అనుకోకు సింగన్నా. నీకు ఇంకో బండి దొరికేదాకా నేనే నీతో తిరుగుతాను. ఇది ఇవ్వలేను."

"అదేటి మాస్టారూ, మొన్న మీరే కదా, అమ్మగారు పోనీమన్నారు అన్నారు?"

"అంది. నేనే తప్పు విన్నాను. వదిలెయ్యమని కాదు, నడపమని అంది."

అతనికి ఎంత అర్థమయిందో తెలియదు. నా మొహం చూసి మాత్రం తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. "అలాగైతే ఎల్లండి" అన్నాడు. "బేగి రండి మరి, బండి సూద్దుం."

మన్మథరావుకి ఫోటో పంపలేదు. బండి తోలుకుని నేనే తాండవకి బయల్దేరాను. ఊరు దాటేదాకా బానే ఉంది. నాతవరం రోడ్డెక్కాక బూజు పట్టిన కర్టెను గాలికి ఎగిరి ఎగిరి ఆమె సీటు మీద పడుతోంది. చెరుకు తోటలు అయిపోయి, జీడితోటలు వచ్చి, మలుపు తిరిగాక ఎడమ పక్కన కొండ కనబడింది.

కాసేపు చూశాను, ఎవరైనా అడుగుతారేమోనని.

"నిన్ననే తెచ్చి పెట్టారు" అన్నాను పైకే.

ఎవరూ నవ్వలేదు. బండి ఆపలేదు.