పెదబాబు కాళ్ళకు తెలియని వేడి

పొలం నుంచి రాగానే ఉప్పు కలిపిన వేడినీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని అరుగు మీద కూర్చోవడం పెదబాబుకు ఏళ్ళనాటి అలవాటు. రెండో పంట దాళ్వా ఊడ్పుల రోజుల్లో, బురదలో నాని పగిలిన మడమలకు అంతకుమించిన హాయి లేదు.

ఆ సాయంత్రం మాత్రం కాళ్ళు పెట్టీ పెట్టగానే భార్య మీద విసుక్కున్నాడు.

"ఏంటే లోవలక్ష్మీ, చన్నీళ్ళు పోశావు?"

"ఇప్పుడే కదండీ పొయ్యి మీంచి దించాను!" అంటూనే ఆమె మరో చెంబుడు మరిగే నీళ్ళు తెచ్చి పోసింది.

"ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి."

లోవలక్ష్మి నమ్మలేక బేసినులో వేళ్ళు ముంచి, కెవ్వుమని వెనక్కి లాక్కుంది. "బాబోయ్! తియ్యండి, ముందు కాళ్ళు తియ్యండి!"

తీశాడు. పాదాలు ఎర్రగా కందిపోయాయి. తనూ చెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమంది. అవే నీళ్ళు చేతికి ఒకలా, కాలికి ఒకలా ఎందుకున్నాయో అతనికి అంతుపట్టలేదు. లోవలక్ష్మి బిందెతో చన్నీళ్ళు తెచ్చి పాదాల మీద ధారగా పోస్తూనే ఉంది. అతను వాటికేసి ఎవరి కాళ్ళో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారేసరికి బొబ్బలెక్కాయి. ఆమె మరో మాట వినకుండా బస్సెక్కించి రాజమండ్రి తీసుకెళ్ళింది.

డాక్టరు గారు బొబ్బలకు మందు రాసి, సుగరు పరీక్ష చేయించి, అతన్ని కళ్ళు మూసుకోమన్నారు. "నేను పాదం ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి."

పెదబాబు కళ్ళు మూసుకుని చాలాసేపు ఎదురుచూశాడు. చివరికి, "మొదలెట్టండి డాక్టరు గారూ," అన్నాడు.

"అయిపోయిందండి."

కళ్ళు తెరిచి భార్యకేసి చూశాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది. డాక్టరు గారు ఈలోగా అతని కుడి అరికాలి నుంచి ఏదో లాగి చూపించారు. తుమ్మముల్లు.

"ఇది నా కాల్లోదేనాండి?"

"మీదే. ఎప్పుడు దిగిందో తెలీదా?"

తెలీదు. "నొప్పి లేకపోవడం మంచిదే కదండీ?" అన్నాడు అయోమయంగా.

"నొప్పి లేకే కదండీ ముల్లుతో నడిచారు! సుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. ఇక వేడినీళ్ళలో నానబెట్టడాలు లేవు. రోజూ మామూలు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవండి. మడమలకు నూనె రాయండి, వేళ్ళ మధ్య మాత్రం వద్దు. ఉత్త కాళ్ళతో నడవకండి. రోజూ అరికాళ్ళు ఎవరైనా చూడాలి."

"నేను చూస్తానండి," అంది లోవలక్ష్మి.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నంతసేపూ పెదబాబు మాటిమాటికీ కిందికి వంగి, చెప్పులు కాళ్ళకే ఉన్నాయా అని చూసుకున్నాడు. కళ్ళతో చూస్తే తప్ప నమ్మకం కుదరడం లేదు.

బొబ్బలు మానడానికి నెల దాటింది. రోజూ సాయంత్రం ఆమె అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని మడమ నుంచి వేళ్ళ దాకా వెతికేది. అతను కళ్ళు మూసుకుని, ఆమె చెయ్యి ఎక్కడుందో చెప్పడానికి తంటాలు పడేవాడు.

ఓ రోజు, "బొటనవేలు," అన్నాడు.

ఆమె తలెత్తింది. నిజంగానే బొటనవేలి మీద ఉంది చెయ్యి. "తెలిసిందాండీ?"

అతను కళ్ళు తెరిచి ఆ వేలికేసి చూశాడు.

"తెలిసిందో, ఊరికే అనేశానో... నాకే తెలియట్లేదే."